పచ్చి రేకు మీద చేయి

అన్నిటికంటే ముందు వాన గురించి ఎందుకు అడిగాడు? పెళ్ళాం ఎలా ఉందని అడగలేదు. లాయరు ఏమన్నాడని అడగలేదు. హత్యానేరం నెత్తిన పెట్టుకుని పదిహేను రోజులుగా సబ్ జైల్లో ఉన్న మనిషి, కటకటాల అవతల చతికిలబడి మొట్టమొదట అడిగిన మాట, "పుంగనూర్లో వాన పడిందా సార్?"

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని గంగాధరం ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. అయిదేళ్ళుగా అవి ఉండే చోటు అదే. కండక్టరు టికెట్టు ఇచ్చినప్పుడు కుడిచేయి ఒకసారి బయటికి వచ్చి, పని ముగించుకుని, మళ్ళీ లోపలికి పోయింది.

మనిషి ఏది దాచాలనుకుంటాడో దాని చుట్టూనే తిరుగుతాడు. దాని పేరు మాత్రం ఎత్తడు. పుండు చుట్టూ గోకినట్టు చుట్టూతా గోకుతాడు. దాసప్ప వాన చుట్టూ గోకాడు.

గంటన్నర కిందట, మదనపల్లె సబ్ జైల్లో, గంగాధరం అతన్ని వరసగా అడిగాడు. అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. కార్లకు రంగు వేసే దాసప్ప, తన షెడ్డులో కలిసి పనిచేసే బాలప్పను చంపానని ఒప్పుకున్నాడు. పోలీసుల దగ్గర కాదు, మేజిస్ట్రేటు ఎదుట. ఇవాళ సోమవారం. సాయంత్రం నాలుగు గంటలకు సర్కిల్ ఇన్‌స్పెక్టరు చార్జిషీటు వేస్తాడు.

"బాలప్పను కొట్టింది దేంతో?"

"కొయ్యసుత్తితో."

"సుత్తి మొగం గుండ్రం. దెబ్బ గీత మాదిరి ఉండాదని డాక్టరు రాసినాడు."

"కోపంలో యాడ తగిలిందో ఎట్ల తగిలిందో ఎవురు సూస్తారు సార్."

"ఎన్ని గంటలకు?"

"రెండు. కుప్పం పోదామని బయల్దేరి, పలమనేర్లో బస్సు దొరక్క వెనక్కి వచ్చినా. వస్తే నా మాట ఇనకుండా పచ్చి రేకుకు రెడ్ ఆక్సైడు పుయ్యబోతాండాడు. మాటా మాటా పెరిగింది. కొట్టినా. కొట్టి, ఆ రెడ్ ఆక్సైడు నేనే పూసేసి బయటికి పోయినా."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. కళ్ళు గోడ మీద ఉన్నాయి.

"నీకు ఇష్టం లేని ప్రైమరును, దాని కోసం మనిషిని కొట్టినాక, నువ్వే పూసినావా?"

దాసప్ప కటకటాల కమ్మిని గోటితో గీకాడు.

"రంగు సల్లే గన్నుతో కొట్టినావా, బ్రష్షుతోనా?"

"బ్రష్షుతో."

"కారుకు బ్రష్షు పెట్టినావా నువ్వు?"

అప్పుడు మాత్రం దాసప్ప ముఖంలో ఒక నరం కదిలింది. హంతకుడివని పిలిస్తే కదలని నరం అది. "పెట్టినా" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి హత్య ఒప్పుకోవడం కంటే ఎక్కువ కష్టపడ్డాడని గంగాధరానికి అనిపించింది.

"సరే. ఆ పని నాకు తెలీదు. పచ్చి రేకంటే ఏమో, దానికి ఏం సెయ్యాల్నో సెప్పు."

దాసప్ప మొదటిసారి అతని వైపు తిరిగాడు. "పాత రంగంతా గీకేస్తే రేకు పచ్చిగా బయటపడతాది సార్. చర్మం వొలిచిన ఒళ్ళు మాదిరి. గాలి తగిలితే తుప్పు, సెయ్యి తగిలితే తుప్పు. మనకు కనపడదు, సెమటలో ఉప్పు ఉంటాది గదా. అందుకని థిన్నర్లో ముంచిన గుడ్డతో తుడవాల. తుడిచినాక దేవుడొచ్చినా ముట్టనియ్యగూడదు. పొద్దు గూకేలోగా కరిసే ప్రైమరు కొట్టాల. దాంట్లో యాసిడ్ ఉంటాది, రేకును కరుసుకుంటాది. ఇంగ దాని మీద యేమి ఏసినా ఊడి రాదు. రెడ్ ఆక్సైడు గేట్లకు, కిటికీ కమ్ములకు సరిపోతాది. అది రేకు మీద పండుకుంటాది గానీ పట్టుకోదు. దాని కింద సెమట గాని ఉండిందా, వాన తేమకు లోపల్లోపలే..."

ఆగిపోయాడు. వార్డరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒక పని సేస్తారా సార్? షెడ్డు గూట్లో నాలుగొందల నంబరు ఉప్పుకాగితం ఉండాది. బానెట్టుకు ఎడంపక్క, ముక్కు కాడ, ఒక జానెడు మేర. మీ సేత్తో రుద్దేయండి. తెల్లగా మెరుపు వచ్చేదాకా."

"ఎందుకు?"

"నా సేతి పని. మచ్చతో కోర్టుకు పోగూడదు."

వార్డరు టైమయిందన్నాడు. లేస్తూ దాసప్ప మళ్ళీ అడిగాడు. "పడిందా సార్ వాన?"

"పదిరోజులుగా ముసురే" అన్నాడు గంగాధరం.

దాసప్ప కళ్ళు మూసుకున్నాడు.

*

పన్నెండూ ఇరవైకి గంగాధరం షెడ్డు ముందు దిగాడు. తలుపు పక్కన గోడకు ఆనుకుని దాసప్ప భార్య మునిరత్నమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పది రోజుల కిందట మదనపల్లెలో అతని గది వెతుక్కుంటూ వచ్చింది ఈమే. "సేతుల గురించి తెలిసినోళ్ళంట గదా సామీ మీరు. మా ఆయన ఆ పని సెయ్యలేదు. అది కనుక్కోండి" అంది. ఎవరు చేశారని అనుకుంటున్నావమ్మా అంటే, "అదీ మీరే కనుక్కోవాల" అంది. అంతకు మించి ఒక్క మాట రాలేదు.

ఇప్పుడూ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. అంతే.

సీలు తీసి నిలబడ్డాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటేశులు. ఒకప్పుడు చిత్తూరులో ఇద్దరూ ఒకే మెస్సులో తిన్నారు. గంగాధరం వేలిముద్రల విభాగంలో ఉండేవాడు.

"ఏమప్పా గంగాధరం, సేతులు ఇంకా జేబుల్లోనే ఉండాయా? బయటికి తీస్తే మేము పట్టుకుంటామనా?"

"మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంది. అరగంట."

"సూసినాలే. అరగంట ఏమి, ముప్పావుగంట తీసుకో. నా చార్జిషీటు టైపు కొట్టడం కూడా అయిపోయింది." లోపలికి చేయి చూపించాడు. "రా, మొక్కుకో."

షెడ్డు చిన్నది. నడిమధ్య చక్రాల మీద పాత కారు నిలబడి ఉంది, కుబుసం విడిచిన పాములా. రామసముద్రం రైతు శంకరప్పది. ముప్పై ఏళ్ళనాటి బండి. బెంగుళూరులో పాతకార్ల ప్రదర్శనకు పెట్టాలని రంగు వేయించడానికి ఇచ్చాడు. ఊడదీసిన బానెట్టు ఒక పక్క రెండు బల్లల మీద ఉంది, పైన ఇటుక రంగు రెడ్ ఆక్సైడు. దానికి మూడడుగుల దూరంలో బాలప్ప దాగలి, సొట్టలు కొట్టే ఇనుపదిమ్మ, మోకాటి ఎత్తున. బాలప్ప దాసప్పకు జతపనివాడు. రేకు పని అతనిది, రంగు పని దాసప్పది. సిమెంటు నేల మీద సున్నంతో గీసిన మనిషి ఆకారం, తల దాగలి వైపుకు.

"చెప్పు. నీ లెక్క ప్రకారం ఎలా జరిగింది?" అన్నాడు గంగాధరం.

"నా లెక్క కాదు, వాడి లెక్కే. పొద్దున పదింటికి దాసప్ప రేకు తుడిచి పైన తెల్లపంచె కప్పి కుప్పానికి బయల్దేరినాడు, బెంగుళూరు రైల్లో ఎవురో తెచ్చిచ్చే ప్రైమరు డబ్బా కోసం. పన్నెండున్నరకు వాడి పెళ్ళాం బాలప్పకు క్యారేజీ తెచ్చింది. రెండుకు వీడు వెనక్కి వచ్చినాడు, తగాదా, దెబ్బ. నాలుగింటికి టీకొట్టు పాపక్క ఖాళీ గ్లాసుల కోసం వచ్చి శవాన్ని సూసింది. జనం చేరినారు. అయిదూ ఇరవైకి డబ్బా సంచిలో పెట్టుకోని, ఏమీ తెలీనట్టు దిగినాడు మన దొర. ఇంటికి పోయి, ఎనిమిదింటికి వాడంతట వాడే స్టేషన్‌కు నడిచి వచ్చి ఒప్పుకున్యాడు. ఎనిమిదిన్నరకు ఈ తలుపుకు సీలు పడింది. ఇంగేం కావాల నీకు?"

"కుప్పం పోలేదంటాడు. మరి డబ్బా ఎక్కడిది?"

"ఆ ముందు శనివారమే తెచ్చి దాచినాడు. నువ్వు మొన్న కుప్పం పోయి ప్లాట్‌ఫారం అంతా అడిగినావంట గదా, ఎవురన్నా వాన్ని సూసినామన్యారా?"

చూశామని ఎవరూ అనలేదు. ఆ ప్లాట్‌ఫారం మీద రెండు గంటలు తిరిగినంతసేపూ గంగాధరం వెతికింది దాసప్ప జాడ ఒక్కటే కాదు, తొమ్మిదేళ్ళ కిందటి ఇంకో మనిషి జాడ కూడా.

"పాపక్కతో నేను మాట్లాడాను. రంగు వాసన పడక ఈ పక్క తడిక దించేసిందట. అప్పటికి రేడియోలో ఒంటిగంట వార్తలు ఇంకా అవలేదట. దాసప్ప వచ్చింది రెండుకు. ఒంటిగంట వార్తలప్పుడు రంగు పూసింది ఎవరు?"

వెంకటేశులు కళ్ళు ఒక్క క్షణం సన్నబడ్డాయి. "పాపక్క రేడియో. ఆమెకు పొద్దున పాటలకూ మధ్యాన్నం వార్తలకూ తేడా తెలిస్తే నేను ఉద్యోగం మానేస్తా."

"దెబ్బ గీతలాగా ఉంది. దాగలి అంచు కూడా గీతే."

"కొడితే వెనక్కి పడినాడు, అంచు తగిలింది. సచ్చినాడు గదా, ఏది తగిలితేనేమి." గొంతు మారింది. ఈసారి వేళాకోళం లేదు. "అరగంట బతికినాడంట, తెలుసునా? డాక్టరు రాసినాడు. అరగంట ఈ సిమెంటు మీద ఊపిరి తీసుకుంటా పడి ఉన్యాడు. గుక్కెడు నీళ్ళు పోసుంటే, ఒక కేక ఏసుంటే, ఆస్పత్రి నాలుగడుగులు. వాని తరపున తిరుగుతాండావే నువ్వు, అది గుర్తు పెట్టుకో."

 ఆ రిపోర్టు నకలు గంగాధరం జేబులోనే ఉంది.

వెంకటేశులు గోడకు తగిలించిన ఒక రేకును లాఠీతో తట్టాడు. మూడడుగుల ఉత్త ఇనుపరేకు. దాని నిండా అరచేతులు. కొన్ని తుప్పుతో ముదురు గోధుమ రంగులో తేలినవి, కొన్ని లేత మచ్చలు, కొన్నిటికి చుట్టూ తెల్లరంగు గీత మాత్రమే, లోపల ఏమీ లేదు. ఒక్కొక్క చేతి కింద ఒక్కొక్క గుర్తు.

"ఇదేందో సూసినావా? మావోళ్ళు క్షుద్రపూజలని భయపడి పక్కకు కూడా రాలేదు. నీకు బాగుంటాది. సేతులే గదా." తలుపు దగ్గర ఆగాడు. "నేను పాపక్క కాడ టీ తాగతా ఉంటా. ఒక్క మాట, పాత స్నేహితుడిగా. కుప్పం లాడ్జీ కేసులో నీ ముద్ర ఒక మనిషిని ఏం చేసిందో ఊరంతా మరిసిపోయింది. నువ్వూ మరిసిపో. కానీ ఇంకోసారి సెయ్యొద్దు."

"బానెట్టు మీద రంగు తీసి చూడాలి."

"తీసుకో. నా పంచనామాలో బానెట్టు లేదు."

*

తొమ్మిదేళ్ళ కిందట కుప్పంలో, ఒక లాడ్జీలో, గాజు గ్లాసు మీద ఒక అరచేతి అంచు. ఆరు గుర్తులు కలిశాయి. ఎనిమిది కలవాలి. పై అధికారి తొందరపెట్టాడు, గంగాధరం మనసు కూడా తొందరపెట్టింది. మిగతా రెండూ ఉన్నట్టే కనబడ్డాయి. సంతకం చేశాడు. నాలుగేళ్ళ తరవాత అసలువాడు వేరే కేసులో దొరికి ఆ సంగతి చెప్పేసరికి, జైల్లో ఉన్నవాడు జ్వరమొచ్చి పోయి ఏడాదయింది. చూడాలనుకున్నది కంటికి కనబడుతుంది, అది కన్ను తప్పు కాదు. సంతకం మాత్రం చేతిది. అప్పటి నుంచి చేతులు జేబుల్లోకి పోయాయి.

ఇప్పుడు కుడిచేయి బయటికి తీసి, తలుపు ఒక రెక్క మూశాడు. వెలుతురు ఒక వారగా సన్నగా బానెట్టు మీద పడింది. ఒంగి, కన్ను రేకుకు సమంగా పెట్టి చూశాడు.

ఎదురుగా నిలబడి చూస్తే నున్నటి ఇటుక రంగు. వారగా చూస్తే, ఎడమపక్క, ముక్కు దగ్గర, రంగు కింద నుంచి చిన్న చిన్న పొక్కులు లేచి ఉన్నాయి. ఆవగింజలంత. చెదురుమదురుగా కాదు, ఒక ఆకారంగా. అరచేయి. అయిదు వేళ్ళు విప్పుకుని ఉన్నాయి, బరువంతా దాని మీద మోపి ఎవరో నిలబడినట్టు.

పదిరోజుల ముసురు ఆ చేతిని పైకి లేపింది. దాసప్ప అడిగిన వాన ఇదే. రుద్దేయమన్న జానెడు ఇదే.

గంగాధరం బల్ల అంచున కూర్చున్నాడు. మనసును తొందరపడనివ్వకూడదు. ఒక్కొక్క మెట్టే.

పచ్చి రేకు మీద ఎవరో చేయి ఆనించారు. దాన్ని దాచడానికి రంగు పూశారు. ఎందుకు? చేయి ఆనిస్తే అప్పటికప్పుడు రేకు మీద కనబడేది ఏమీ లేదు. సాయంత్రానికి అది తుప్పుగా తేలుతుందని ఈ పని తెలియనివాడికి తెలియదు. దారినపోయే శత్రువు, దొంగ, కారు యజమాని, వీళ్ళలో ఎవరైనా చేయి తీసి వెళ్ళిపోయేవాళ్ళు. పూసినవాళ్ళకు పచ్చి రేకు సంగతి తెలుసు.

కానీ పని చేసేవాడైతే రంగు పూయడు. థిన్నరు గుడ్డతో ఒక్క తుడుపు తుడుస్తాడు, చెమటా ఉప్పూ పోతాయి, చేయి ఉండనే ఉండదు. అర నిమిషం పని. చెమట మీద రంగు పూస్తే అది లోపల దాక్కుని పెరుగుతుందని వాడికి తెలుసు. పైగా బ్రష్షు. గేట్లకూ కిటికీ కమ్ములకూ పండగ ముందు ఇంట్లో ఆడవాళ్ళు పూసినట్టు, నిలువుగా, జాగ్రత్తగా, ఒకే వైపుకు లాగిన గీతలు.

పచ్చి రేకును ముట్టకూడదని తెలిసి, ముడితే ఏం చేయాలో తెలియని మనిషి. ఈ పని పక్కన బతికిన మనిషి, ఈ పనిలో లేని మనిషి.

 గంగాధరం లేచి, గూట్లోంచి థిన్నరు సీసా, తుడుపుకు వాడే బనియన్ పేలిక తీసుకున్నాడు. ఒంటిచేత్తోనే తడిపి, రుద్దకుండా అద్దాడు. రెడ్ ఆక్సైడు మెత్తబడి గుడ్డకు వచ్చేసింది. తుప్పు రాలేదు. అది రేకులోకి దిగిపోయింది. బూడిదరంగు ఇనుము మీద గోధుమ రంగు చేయి ఒకటి, చిన్నది, మెల్లగా బయటపడింది. సన్నగీతలు లేవు. వెనకటి లెక్కన అయితే కలపడానికి ఒక్క గుర్తు కూడా లేదు. ఒకటి మాత్రం ఉంది. చూపుడువేలి మొదట్లో ఏటవాలుగా ఒక తెల్లగీత, అరంగుళం మేర. అక్కడ రేకు తుప్పు పట్టలేదు. గాటు మానిన చోట చర్మానికి చెమట పట్టదు.

వెనకనుంచి గొంతు వినబడింది.

"ఆ రేకు ఏందని అడగలేదు మీరు."

మునిరత్నమ్మ తలుపు రెక్క దగ్గర నిలబడి ఉంది. ఆమె బానెట్టు వైపు చూడటం లేదు. గోడ మీది చేతుల రేకు వైపు చూస్తూ ఉంది.

"చెప్పమ్మా."

"ఎవురు పనికి వచ్చినా ముందు దాని మీద సెయ్యి పెట్టిస్తాడు సామీ మా ఆయన. పొద్దున పెట్టించి, మర్నాడు పొద్దున సూస్తాడు. కొందరి సెమట రేకును తినేస్తాదంట. తుప్పు సేతులంటాడు. అట్లాటోళ్ళను రేకు పక్కకు రానియ్యడు. కారు ఇచ్చినోళ్ళు నిలబడి సోద్యం సూస్తా ఉంటే వాళ్ళతో గూడా పెట్టిస్తాడు, తమాషాకు. ఆ ఉత్త గీత ఉండాదే, లోపల ఏమీ లేకుండా, అది ఆయన సెయ్యి. ఆ లేత మచ్చ బాలప్పది."

"అన్నిటికంటే ముదురుగా ఉన్నది?"

"కింద పూవు గుర్తు ఉండేదా?"

"అవును."

"అది నాది. పెండ్లయిన మూన్నెల్లకు పెట్టించినాడు. మర్నాడు సూసి నగి, నీ పెండ్లాం సెయ్యి ఇనుమునే తినేస్తాదిరా అన్యాడు బాలప్ప. అప్పటి నుంచి ఈ షెడ్డులో నేను దేన్నీ ముట్టను. వచ్చినా సేతులు కొంగులో సుట్టుకోని నిలబడతా."

గంగాధరం గోడ దగ్గరికి పోవలసిన అవసరం లేకపోయింది. ఆ పూవు గుర్తు చేతిలో చూపుడువేలి మొదట్లో తెల్లగీత అతనికి బల్ల దగ్గరనుంచే కనబడుతూ ఉంది. అయినా పోయి చూశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి చూశాడు. ఈసారి మనసు తొందరపడలేదు. వద్దని వెనక్కి లాగింది. అయినా రెండూ ఒకటే.

"ఆ గాటు?"

"సెనక్కాయ కట్టె కోస్తా కొడవలి పడింది, సిన్నప్పుడు." కొంగులోంచి చేయి తీసి చాపింది. 

"నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఒట్టు పెట్టించుకున్యాడు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు సెప్పినా. రెడ్ ఆక్సైడు కింద పెట్టినావా, పిచ్చిదానా, వాన పడితే లేస్తాది అన్యాడు. తిరిగి వచ్చి రుద్దుదామంటే షెడ్డు నిండా జనం. ఇంగ కూసోని కూసోని, నేను సేసినానని సెప్తా, నువ్వు నోరు తెరిస్తే నా పీనుగును సూస్తావు అని తలమీద సెయ్యి పెట్టించుకున్యాడు. నోరు తెరవనని ఒట్టేసినా. దొరకనని ఎయ్యలేదు సామీ. అందుకే సేతులు సూసేవాళ్ళు యాడుండారని అడిగి అడిగి మీ కాడికి వచ్చినా."

గంగాధరం గూట్లో ఉన్న ఉప్పుకాగితం వైపు చూశాడు. నాలుగొందల నంబరు. దాసప్ప చెప్పిన చోటే ఉంది.

"ఏం జరిగింది?"

"మూడేండ్ల కింద వాయల్పాడోళ్ళ కారుకు బాలప్ప ఇట్లనే తొందరపడి పచ్చి రేకుకు రెడ్ ఆక్సైడు కొట్టినాడు. ఆర్నెల్లకు రంగు అప్పడాల మాదిరి లేసింది. ఆ కారాయన లేసిన పెచ్చులన్నీ తాంబాళంలో పెట్టుకోని వచ్చి, నడివీధిలో మా ఆయన సేతిలో పెట్టినాడు. ఆయన మాట్లాడలేదు. నాలుగు నెల్లు మాట్లాడలేదు. గోడ పక్కకు తిరిగి పండుకుంటే అన్నానికి గూడా ఇటు తిరగడు. ఒక దినం బాయి కాడ నుంచి పట్టుకోని వచ్చినా. ఈ కారుతోనే మళ్ళా లేసి కూసున్యాడు సామీ. కరిసే ప్రైమరు బెంగుళూరు నుంచి తెప్పిస్తాండా రత్నా అని సిన్నబిడ్డ మాదిరి పొద్దున్నే తలంటుకోని పోయినాడు." ఆగింది. "క్యారేజీ తెస్తే బాలప్ప రేకు మీది పంచె తీసేసి రెడ్ ఆక్సైడు డబ్బా మూత తీస్తాండాడు. శుక్రవారానికి కావాలన్యాడంట శంకరప్ప. వద్దు బాలప్పా అన్యా. మొగుడికి సెప్పుకోపో అన్యాడు. డబ్బా పట్టుకోని గుంజినా. వాడు ఇదిలించినాడు. నేల మీద రేకు తోమిన సబ్బునీళ్ళు. కాలు జారి ఎనక్కి పోయినాడు. దాగలి మీద సప్పుడు ఇనపడింది."

"తోశావా?"

"గుంజినా. ఇడిసిపెట్టినా. తోసినానో లేదో దేవునికే తెలియాల. కాళ్ళు నిలవక సెయ్యి ఊతపెట్టుకున్యా. దేని మీదో తెలీలేదు. ఎంతసేపు అట్ల నిలబడినానో తెలీలేదు. తెలిసినాక..." ఆమె తన అరచేతి వైపు చూసుకుంది. "తెలిసినాక, వాడి పక్క సూడలేదు సామీ. సెయ్యి పక్క సూసినా. అయ్యో రేకు మీద సెయ్యి పెడితినే, సాయంత్రానికి తేలతాదే, అని. అదొక్కటే తలలో. డబ్బా తెరిసే ఉన్యాది. గేటుకు పూసే బ్రష్షు ఉన్యాది. మనిషి పడి ఉంటే, నేను నిలబడి ఓపిగ్గా రంగు పూసినా."

బయట ఎక్కడో గ్లాసు పెట్టిన చప్పుడు. వెంకటేశులు టీ అయినట్టుంది.

"ఒకటి సెప్పండి సామీ. వాడు వెంటనే పోయినాడా? సూసినా ఉపయోగం లేకుండా ఉండేదా?"

జేబులో నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు. అరగంట. మునిరత్నమ్మ కళ్ళు అతని నోటి మీద ఉన్నాయి. ఇవాళ కాకపోయినా ఒకరోజు, కోర్టు హాల్లో, ఎవరో గట్టిగా చదువుతారు. చదవనీ. ఆ మాట తన నోటి నుంచి రావాలని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు. "ఆయన రుద్దేయమని మీకూ సెప్పుంటాడు."

"చెప్పాడు."

"రుద్దితే?"

"నాలుగింటికి చార్జిషీటు పడుతుంది. పూసినప్పుడు ఆయన ఇక్కడ లేడని చెప్పేది ఈ చేయి ఒక్కటే. నువ్వు ఒట్టు తప్పి చెప్పినా, మొగుణ్ణి కాపాడుకోవడానికి చెబుతోందంటారు."

"రుద్దకపోతే?"

"నువ్వు పోతావు. కానీ కొయ్యసుత్తి లేదు, దెబ్బ లేదు. గుంజులాట, సబ్బునీళ్ళు, దాగలి. హత్య అనరు, లాయరు గట్టిగా నిలబడితే. మిగతాది..." మిగతా అరగంట గురించి చట్టం ఏమంటుందో అతను చెప్పలేదు.

బూట్ల చప్పుడు టీకొట్టు నుంచి బయల్దేరింది. గంగాధరం గూటి ముందు నిలబడ్డాడు. ఒక పక్క ఉప్పుకాగితం, పక్కనే చెంబులో నీళ్ళు. పది రుద్దులు చాలు. ఇనుము తెల్లగా మెరుస్తుంది, ఒక మనిషి కోరుకున్నట్టు జైలుకు పోతాడు, ఒక ఆడమనిషి కోరుకోనట్టు ఇంట్లో మిగులుతుంది. తనకూ సుఖమే. ఏ చేయి ఎవరిదో చెప్పనక్కరలేదు. ఇంకో పక్క చిన్న డబ్బా, చివరి మెరుపు కోసం పూసే రంగులేని లక్క. అది పూస్తే గాలి తగలదు, వేలు తగిలినా చెరగదు. ఇప్పుడు ఎలా ఉందో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

మునిరత్నమ్మ చేయి మళ్ళీ కొంగులో చుట్టుకుంది. 

"ముప్పావుగంట అయిందప్పా" అన్నాడు వెంకటేశులు బయటనుంచే. "ఏమన్నా దొరికిందా, లేకపోతే నా చార్జిషీటు తీసుకోని పోదునా?"

గంగాధరం ఎడమచేయి కూడా జేబులోంచి బయటికి తీశాడు. లక్క డబ్బా మూత తిప్పి, బ్రష్షు ముంచి, అంచుకు ఒత్తి, బానెట్టు మీదకు ఒంగాడు. చిన్న చేయి మణికట్టు దగ్గర మొదలుపెట్టి, చూపుడువేలి మొదట ఉన్న తెల్లగీత మీదుగా, వేళ్ళ కొసల దాకా, ఒకే వైపుకు మెల్లగా లాగాడు.